జడ్జి సంతకం లేని నిఘా: ఫోన్ ట్యాపింగ్ చట్టబద్ధత

ప్రభుత్వ సంస్థలు న్యాయస్థానం నుంచి వారంటు తీసుకోకుండా పౌరుల ఫోన్ సంభాషణలు వినడం, సందేశాలు చదవడం, ఇంటర్నెట్ వాడకాన్ని నమోదు చేయడం వారంటు లేని ఎలక్ట్రానిక్ నిఘా కిందికి వస్తాయి. అమెరికాలో సొంత పౌరుల మీద ఇలాంటి నిఘా పెడితే దాన్ని పద్ధతి తప్పిన పనిగా చూస్తారు. భారతదేశంలో మాత్రం అదే పద్ధతి. ఇక్కడ పూర్తిగా చట్టబద్ధంగా జరిగే ఫోన్ ట్యాపింగ్‌కు కూడా జడ్జి అనుమతి ఏనాడూ అవసరం లేదు. అడిగేది ప్రభుత్వ శాఖ, అనుమతించేది ప్రభుత్వ కార్యదర్శి, ఆ అనుమతి సరైనదో కాదో చూసేది మరో ముగ్గురు ప్రభుత్వ కార్యదర్శులు. తెలుగు రాష్ట్రాల్లో గత పదేళ్ళుగా నలుగుతున్న ట్యాపింగ్ వివాదాలన్నిటి వెనకా ఉన్న అసలు లోపం ఇదే.

అద్దంకిలో ఒక మిర్చి రైతు ఇంటిని పోలీసులు సోదా చేయాలంటే మామూలుగా మేజిస్ట్రేటు వారంటు కావాలి. అంత వ్యవధి లేదనుకుంటే దర్యాప్తు అధికారి కారణాలు కాగితం మీద పెట్టి, భారతీయ నాగరిక సురక్షా సంహిత 185వ సెక్షన్ కింద తానే సోదా చేయవచ్చు. కానీ ఆ కాగితాల నకలు 48 గంటల్లోగా మేజిస్ట్రేటుకు చేరాలి. చుట్టుపక్కల వాళ్ళు ఇద్దరు పంచులుగా నిలబడాలి, పంచనామా రాయాలి, సోదాను వీడియో తీయాలి. ఇంటాయన అడిగితే నకలు ఇవ్వాలి. అదే రైతు ఫోన్‌ను రెండు నెలల పాటు విన్నా వీటిలో ఒక్కటీ ఉండదు. గుంటూరు యార్డులో కమీషన్ వ్యాపారితో మాట్లాడిన ధర, ఎరువుల కొట్టు బాకీకి అడిగిన గడువు, హాస్టల్లో ఉన్న కూతురితో చెప్పుకొన్న కబురు, డాక్టరుకు చెప్పిన జబ్బు అన్నీ రికార్డవుతాయి. ఉత్తర్వులో ఉండే నంబరు ఒక్కటే. దొరికే గొంతులు మాత్రం ఆ నంబరుకు ఫోన్ చేసిన ప్రతివారివీ. వారెవరికీ ఆ సంగతి అప్పుడే కాదు, ఆ తర్వాత కూడా తెలియదు. తెలియజేయాలన్న నియమమే చట్టంలో లేదు.

1885 నుంచి 2023 దాకా

ఈ అధికారానికి మూలం 1885 నాటి ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం. దాని 5(2) సెక్షన్ ప్రస్తుత రూపం 1972 సవరణతో వచ్చింది. దాని ప్రకారం ముందుగా ప్రజా అత్యవసర పరిస్థితి గానీ, ప్రజా భద్రత అవసరం గానీ ఉండాలి. ఆ మీదట దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, నేరానికి పురికొల్పకుండా నివారించడం అనే కారణాల్లో ఒకటి కుదరాలి. ఈ రెండు మెట్లూ ఎక్కితేనే సందేశాన్ని అడ్డగించి వినవచ్చు. మొదటి మెట్టు చాలా ముఖ్యం. మామూలు నేర దర్యాప్తుకు, పన్ను ఎగవేతకు, రాజకీయ సమాచారానికి ట్యాపింగ్‌ను వాడకుండా ఆపగలిగేది అదొక్కటే.

రాజకీయ నాయకుల ఫోన్ల మీద నిఘా పెట్టారన్న సీబీఐ నివేదిక 1990ల తొలినాళ్ళలో బయటికి రావడంతో పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1996 డిసెంబరు 18న తీర్పు వెలువడింది. ఫోన్ సంభాషణ గోప్యత హక్కులో భాగమనీ, రాజ్యాంగం 21వ అధికరణ దానికి రక్షణ ఇస్తుందనీ జస్టిస్ కుల్దీప్ సింగ్ ధర్మాసనం స్పష్టంగా చెప్పింది. అయితే ప్రతి ట్యాపింగ్‌కూ ముందు న్యాయమూర్తి అనుమతి ఉండాలన్న పిటిషనర్ల కోరికను మాత్రం ఒప్పుకోలేదు. చట్టంలో ఆ ఏర్పాటు లేనప్పుడు తాము దాన్ని కల్పించలేమంటూ, హోం కార్యదర్శి ఉత్తర్వు, సమీక్షా సంఘం, కాలపరిమితి అనే మార్గదర్శకాలతో సరిపెట్టింది. ఈ దేశంలో ఫోన్ నిఘాను జడ్జి పరిధిలోకి తేగలిగిన అవకాశం ఆ రోజు చేజారింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి చట్టమూ, ప్రతి నియమావళీ ఆ తీర్పులోని తాత్కాలిక ఏర్పాటునే శాశ్వతం చేసుకుంటూ పోయాయి.

ఆ మార్గదర్శకాలు 1999లో టెలిగ్రాఫ్ నియమావళిలో 419ఎ నిబంధనగా చేరి, 2007లో విస్తరించాయి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం పాత టెలిగ్రాఫ్ చట్టం స్థానంలోకి వచ్చింది. దానిలో నిఘా అధికారం 20(2) సెక్షన్‌లో ఉంది. 2024 జూన్ 26 నుంచి అది అమలవుతోంది. 2024 డిసెంబరు 6న కొత్త అడ్డగింపు నియమావళిని నోటిఫై చేశారు. పేర్లు మారాయి గానీ ఎముకల గూడు పాతదే.

ఇంటర్నెట్ సందేశాలకు ఇంకో దారి ఉంది. 2000 నాటి ఐటీ చట్టంలో 2008 సవరణతో మారిన 69వ సెక్షన్ ప్రజా అత్యవసర పరిస్థితి, ప్రజా భద్రత అనే మొదటి మెట్టును పూర్తిగా తీసేసింది. పైగా ఏ నేర దర్యాప్తుకైనా అన్న మాటను కారణాల్లో కలిపింది. అంటే చట్టం దృష్టిలో మామూలు ఫోన్ కాల్‌కు ఉన్నంత రక్షణ కూడా అదే ఫోన్లోంచి పంపిన ఇంటర్నెట్ సందేశానికి లేదు. సందేశాన్ని విప్పి చూపించడానికి సహకరించకపోతే ఏడేళ్ళ దాకా జైలు. 2018 డిసెంబరు 20న కేంద్ర హోం శాఖ ఐబీ, సీబీఐ, ఎన్‌ఐఏ, ఈడీ, ఢిల్లీ పోలీసు కమిషనర్ సహా పది సంస్థలకు ఈ సెక్షన్ కింద అధికారమిస్తూ ఉత్తర్వు జారీ చేసింది.

ఒక ఉత్తర్వు నడిచే దారి

కాగితం మీద ఈ వ్యవస్థ గట్టిగానే కనిపిస్తుంది. కేంద్రంలో హోం కార్యదర్శి, రాష్ట్రంలో హోం శాఖ కార్యదర్శి ఉత్తర్వు ఇవ్వాలి. కారణాలు రాయాలి. వేరే మార్గంలో ఆ సమాచారం దొరకదని తేలాకే ఇవ్వాలి. ఉత్తర్వు 60 రోజులు చెల్లుతుంది. పొడిగించినా మొత్తం 180 రోజులు దాటకూడదు. నకలు ఏడు పనిదినాల్లోగా సమీక్షా సంఘానికి వెళ్ళాలి. రాష్ట్ర సమీక్షా సంఘంలో ప్రధాన కార్యదర్శి అధ్యక్షులు, న్యాయ శాఖ కార్యదర్శి, హోం శాఖ కాకుండా మరొక శాఖ కార్యదర్శి సభ్యులు. వీరు కనీసం రెండు నెలలకొకసారి కూర్చోవాలి.

మొబైల్ కంపెనీలో నోడల్ అధికారులుంటారు. ఉత్తర్వును సీల్డు కవరులో తగిన హోదా గల పోలీసు అధికారి చేర్చాలి. అందినట్టు రెండు గంటల్లోగా రసీదు ఇవ్వాలి. తమకు వచ్చిన ఉత్తర్వులు నిజమైనవేనని నిర్ధారించుకోవడానికి ప్రతి 15 రోజులకూ కంపెనీ వాటి జాబితాను తిరిగి సంబంధిత సంస్థకు పంపాలి. ఈ చివరి నియమం ఎందుకు ముఖ్యమో 2005 నాటి అమర్‌సింగ్ ఉదంతం చెబుతుంది. సమాజ్‌వాదీ పార్టీ నాయకుడు అమర్‌సింగ్ ఫోన్‌ను నకిలీ లేఖ ఆధారంగా ఒక టెలికాం కంపెనీ ట్యాప్ చేసింది. తప్పుల తడకగా ఉన్న ఆ లేఖను చూసి కూడా కంపెనీ అనుమానించకపోవడాన్ని సుప్రీంకోర్టు 2011 తీర్పులో తప్పుపట్టింది.

మారుమూల ప్రాంతమనో, కార్యాచరణ కారణాల వల్లనో ముందస్తు ఉత్తర్వు సాధ్యం కాకపోతే రాష్ట్రంలో ఐజీ స్థాయికి తగ్గని పోలీసు అధికారి అనుమతితోనే ట్యాపింగ్ మొదలుపెట్టవచ్చు. మూడు పనిదినాల్లో హోం కార్యదర్శికి తెలపాలి, ఏడు పనిదినాల్లో ఆమోదం రావాలి. రాకపోతే ఆపేయాలి. ఈ ఏడు రోజుల పాటు పోలీసు శాఖకు బయట ఎవరి అనుమతీ ఉండదు.

ఈ కట్టడి ఎంత బలమైనదో అంకెలు తేలుస్తాయి. కేంద్ర హోం శాఖ నెలకు సగటున 7,500 నుంచి 9,000 ట్యాపింగ్ ఉత్తర్వులు ఇస్తోందని 2013లో సమాచార హక్కు దరఖాస్తుకు వచ్చిన జవాబు వెల్లడించింది. జస్టిస్ బి.ఎన్.శ్రీకృష్ణ కమిటీ 2018 నివేదికలో సమీక్షా సంఘం ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఉత్తర్వులు చూడాల్సి వస్తోందని రాసి, అది జరిగే పని కాదని తేల్చింది. వేరే శాఖల బాధ్యతలు మోస్తున్న ముగ్గురు కార్యదర్శులు రోజంతా కూర్చున్నా ఒక్కో ఫైలుకు రెండు క్షణాలు దొరుకుతాయి. దాన్ని సమీక్ష అనడం న్యాయం కాదు.

తెలుగు నేల మీద

ఈ విషయంలో నిజంగా విలువైన తీర్పు ఒకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వచ్చింది. ఏఐఆర్ 2007 సంపుటం ఆంధ్రప్రదేశ్ భాగం 102వ పుటలో అచ్చయిన ఆ కేసులో, 2003లో ఒక మొబైల్ ఫోన్ మీద ఇచ్చిన ట్యాపింగ్ ఉత్తర్వును హైకోర్టు చెల్లదంది. కారణాలు నమోదు కాలేదు, నిబంధనల ప్రకారం సమీక్ష జరగలేదు. కాబట్టి ఆ ఉత్తర్వుకు, దానితో సంపాదించిన రికార్డులకు చట్టబలం లేదని నిర్ణయించింది. 2017 నాటి సుప్రీంకోర్టు గోప్యత తీర్పుకు పదేళ్ళ ముందే ఈ కోర్టు కచ్చితమైన వైఖరి తీసుకుందని మరువకూడదు.

ఆ కచ్చితత్వం కార్యాలయాల్లోకి దిగలేదు. 2015 మే 31న తెలంగాణ ఏసీబీ నాటి తెలుగుదేశం ఎమ్మెల్యే రేవంత్‌రెడ్డిని ఓటుకు నోటు కేసులో అరెస్టు చేసింది. వారం తిరిగేసరికి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు నామినేటెడ్ ఎమ్మెల్యే స్టీఫెన్‌సన్‌తో మాట్లాడినట్టు చెబుతున్న ఆడియో టీవీల్లో వినిపించింది. తమ నాయకుల, అధికారుల ఫోన్లు ట్యాప్ చేశారని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోపించి, కేసులు పెట్టి, ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. తెలంగాణ ప్రభుత్వం కాదంది. ఇక్కడ సాంకేతికంగా ఒక తేడా గుర్తుంచుకోవాలి. సంభాషణలో ఉన్న ఇద్దరిలో ఒకరు ఇష్టపడి తన ఫోన్లో రికార్డు చేయిస్తే చట్టం దాన్ని మూడో మనిషి చాటుగా విన్నదానిలా చూడదు. 1972 నాటి ఆర్.ఎం.మల్కానీ కేసు నుంచి సుప్రీంకోర్టు మాట ఇదే. 2023 ఫిబ్రవరిలో నెల్లూరు రూరల్ ఎమ్మెల్యే కోటంరెడ్డి శ్రీధర్‌రెడ్డి తన ఫోన్ ట్యాప్ అయిందని ప్రకటించినప్పుడు కూడా వాదన చివరికి ఇక్కడికే చేరింది: అది ట్యాపింగా, అవతలి ఫోన్లో జరిగిన కాల్ రికార్డింగా?

అన్నిటికన్నా పెద్దది తెలంగాణ స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచి కేసు. ఎస్‌ఐబీ మావోయిస్టుల కదలికల కోసం పుట్టిన విభాగం. మావోయిస్టులతో సాగిన పోరాటంలో ప్రకాశం, గుంటూరు జిల్లాలకు దగ్గరి సంబంధం ఉంది. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకు మావోయిస్టు నాయకులు బయటికి వచ్చింది ఈ వైపు నల్లమల నుంచే. పల్నాట గుత్తికొండ బిలం దగ్గర బహిరంగసభ పెట్టి వెళ్ళారు. చర్చలు విఫలమయ్యాక ఇంటెలిజెన్స్ యంత్రాంగం మీద ప్రభుత్వాల ఆధారం బాగా పెరిగింది. సాయుధ దళాల కోసం సమకూర్చుకున్న పరికరాలు, మనుషులు, గోప్యత అన్నీ దళాలు బలహీనపడ్డాక కూడా అలాగే ఉండిపోయాయి.

తెలంగాణ శాసనసభ ఎన్నికల ఫలితాలు 2023 డిసెంబరు 3న వెలువడ్డాయి. మర్నాడు రాత్రి ఎస్‌ఐబీ కార్యాలయంలో నిఘా సమాచారం ఉన్న హార్డ్‌డిస్కులను ధ్వంసం చేసి, ముక్కలు మూసీలో పారేశారన్నది పోలీసుల ఆరోపణ. విభాగంలోని ఒక అదనపు ఎస్పీ ఫిర్యాదుపై 2024 మార్చి 10న పంజాగుట్ట పోలీస్ స్టేషన్లో కేసు నమోదైంది. మాజీ అధిపతి టి.ప్రభాకర్‌రావుతో పాటు పలువురు పోలీసు అధికారులను నిందితులుగా చేర్చారు. ఆయన అమెరికా నుంచి 2025 జూన్‌లో తిరిగివచ్చి విచారణకు హాజరయ్యారు. మావోయిస్టు సానుభూతిపరుల పేరుతో ప్రతిపక్ష నాయకులు, వ్యాపారులు, పాత్రికేయుల నంబర్లను జాబితాలో చేర్చారన్నది దర్యాప్తు బృందం వాదన. నిందితులు వీటిని తోసిపుచ్చారు. ఇవి ఆరోపణలే, కోర్టులో రుజువు కావలసి ఉంది. ఒక హైకోర్టు న్యాయమూర్తి ఫోన్ మీద కూడా నిఘా ఉందని పత్రికల్లో రావడంతో తెలంగాణ హైకోర్టు 2024లో తానే కేసు చేపట్టింది.

ఈ కేసులో తీర్పు ఎలా వచ్చినా, చట్టంలోని ఒక గుంట బయటపడింది. నిబంధనల ప్రకారం అవసరం తీరిన ట్యాపింగ్ రికార్డులను, ఉత్తర్వుల ఫైళ్ళను ఆరు నెలలకొకసారి ధ్వంసం చేయాలి. నిఘా ఆపిన రెండు నెలల్లోగా కంపెనీ కూడా తన దగ్గరి కాగితాలు నాశనం చేయాలి. పౌరుడి ఆంతరంగిక విషయాలు ఎవరి చేతిలోనూ శాశ్వతంగా ఉండకూడదన్న మంచి ఉద్దేశంతో రాసిన నిబంధన ఇది. కానీ ఉత్తర్వు అక్రమమైతే, దాన్ని రుజువు చేయగల ఒకే ఒక్క ఆధారం కూడా దానితోనే పోతుంది. సంభాషణ చెరిపివేయాలి, నిజమే. ఎవరి ఫోన్ మీద, ఎవరి సంతకంతో, ఏ కారణం రాసి ఉత్తర్వు ఇచ్చారన్న కాగితాన్ని మాత్రం కోర్టు దగ్గర ఏళ్ళ తరబడి భద్రపరచాలి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం చట్టం చేసిన పెద్ద తప్పు.

వినకుండానే తెలిసేవి

మాటలు వినకపోయినా ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఏ టవర్ కింద నుంచి, ఎంతసేపు ఫోన్ చేశారో కాల్ డేటా చెబుతుంది. దీనికి హోం కార్యదర్శి ఉత్తర్వు కూడా అక్కర్లేదు. పోలీసులు నేర విచారణ చట్టంలో పత్రాలు తెప్పించుకునే సెక్షన్ కింద, ఇప్పటి నాగరిక సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద, కంపెనీని అడుగుతారు. 2013లో రాజ్యసభ ప్రతిపక్ష నేత అరుణ్ జైట్లీ కాల్ డేటాను అక్రమంగా తీసిన వ్యవహారం బయటపడ్డాక ఎస్పీ స్థాయి ఆమోదం ఉండాలన్న కట్టుబాటు వచ్చింది.

2020 ఫిబ్రవరిలో మొబైల్ కంపెనీల సంఘం టెలికాం శాఖకు ఒక లేఖ రాసింది. కొన్ని సర్కిళ్ళలోని చందాదారులందరి కాల్ డేటాను నెలలో నిర్దిష్ట తేదీలకు మూకుమ్మడిగా అడుగుతున్నారన్నది అందులో అభ్యంతరం. ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ ఉంది. కాల్ నాణ్యత పరీక్షించడానికే అడిగామని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. అలా చూస్తే ఏ నేరంతోనూ, ఏ దర్యాప్తుతోనూ సంబంధం లేని అద్దంకి, చిలకలూరిపేట, ఒంగోలు ఫోన్ల వివరాలు కూడా ఆ అడిగినదాని పరిధిలోవే. అనుమానితుడు లేకుండా అందరి వివరాలూ కోరడాన్ని ఏ పేరుతోనూ సమర్థించలేం.

ఫోన్‌ను చేతిలోంచి తీసుకుని చూడటం మరో రకం. 2021 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు గంజాయి వేటలో భాగంగా దారినపోయే వారిని ఆపి, వాట్సాప్‌లో గంజాయి అన్న మాట కొట్టి వెతికిన వీడియోలు దేశమంతా చూశారు. అడిగితే జనం ఇష్టపూర్వకంగానే ఇచ్చారన్నారు. నడివీధిలో లాఠీ పట్టుకున్న పోలీసు అడిగినప్పుడు ఇచ్చేదాన్ని అంగీకారంగా లెక్కగట్టకూడదు.

గోప్యత తీర్పు, పెగాసస్

2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా ప్రకటించింది. ఆ కేసు వేసిన జస్టిస్ కె.ఎస్.పుట్టస్వామి కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా చేసి, ఆంధ్రప్రదేశ్ బీసీ కమిషన్‌కు అధ్యక్షులుగా పనిచేసినవారు. ఈ హక్కులో ప్రభుత్వం జోక్యం చేసుకోవాలంటే దానికి చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి తగిన మేరకే జోక్యం ఉండాలని తీర్పు చెప్పింది. ఎవరికీ తెలియకుండా, స్వతంత్ర వ్యక్తి ఎవరూ చూడకుండా సాగే నిఘా ఈ మూడో పరీక్షలో నెగ్గుతుందని నేను అనుకోను. దాన్ని నేరుగా తేల్చే తీర్పు సుప్రీంకోర్టు నుంచి ఇంకా రావాలి.

2021 జులైలో పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్‌తో ఫోన్లలోకి చొరబడ్డారన్న కథనాలు వచ్చాక ఆ అవకాశం ఒకసారి వచ్చింది. అప్పటి కృష్ణా జిల్లాలోని పొన్నవరం నుంచి వెళ్ళిన నాటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణ నాయకత్వంలోని ధర్మాసనం అక్టోబరు 27న, జాతీయ భద్రత అన్న మాట ఎత్తగానే ప్రభుత్వం ప్రతిసారీ తప్పించుకోలేదని చెబుతూ జస్టిస్ ఆర్.వి.రవీంద్రన్ పర్యవేక్షణలో సాంకేతిక సంఘాన్ని నియమించింది. సంఘం 29 ఫోన్లు పరీక్షించింది. ఐదింటిలో మాల్‌వేర్ కనిపించింది. అది పెగాసస్ అని నిర్ధారణ కాలేదు. కేంద్రం సహకరించలేదని సంఘం చెప్పినట్టు 2022 ఆగస్టులో కోర్టు వెల్లడించింది. ఫోన్లోకి చొరబడి కెమెరాను, మైకును సైతం వశం చేసుకోవడం సందేశాన్ని మధ్యలో అడ్డగించడంతో సమానం కాదు. దానికి అనుమతినిచ్చే సెక్షన్ ఏ చట్టంలోనూ విడిగా లేదు.

బయటి దేశాలు

అమెరికాలో 1967 నాటి కాట్జ్ తీర్పు ఫోన్ సంభాషణకు వారంటు కావాలంది. 1978లో విదేశీ నిఘా చట్టం రహస్య న్యాయస్థానాన్ని ఏర్పరచింది. 2001 దాడుల తర్వాత అధ్యక్షుడు బుష్ ప్రభుత్వం ఆ కోర్టును దాటవేసిందని 2005 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. 2006లో ఒక జిల్లా జడ్జి అది రాజ్యాంగ విరుద్ధమన్నారు. మరుసటి ఏడు అప్పీలు కోర్టు, తమ ఫోన్లే విన్నారని పిటిషనర్లు చూపలేకపోయారంటూ దాన్ని కొట్టేసింది. 2008 సవరణలోని 702వ సెక్షన్ అమెరికా వెలుపల ఉన్న విదేశీయులను విడివిడి వారంట్లు లేకుండా లక్ష్యంగా చేసుకునే వీలు కల్పించింది. డాలస్‌లో ఉద్యోగం చేసే కొడుకుకు అమెరికా రాజ్యాంగ రక్షణ ఉండవచ్చు. అద్దంకి నుంచి అతనితో మాట్లాడే తల్లిదండ్రులకు ఆ చట్టం ముందు ఆ రక్షణ లేదు. బ్రిటన్ 2016 చట్టంతో మంత్రి సంతకానికి న్యాయ కమిషనర్ ఆమోదాన్ని జతచేసింది. పార్లమెంటు తలచుకుంటే మన దగ్గర కూడా ఈ పాటి మార్పు కష్టమేమీ కాదు.

పరిహారం దొరికే దారులు

అక్రమంగా సందేశాన్ని అడ్డగించినవారికి 2023 చట్టం 42వ సెక్షన్ మూడేళ్ళ దాకా జైలు, 2 కోట్ల రూపాయల దాకా జరిమానా నిర్ణయించింది. హైకోర్టులో రిట్ వేయవచ్చు. కానీ నిఘా ఉందని చూపాలి. సమాచార హక్కు ఆ విషయంలో సాయపడదు. ట్యాపింగ్ ఆదేశాల వివరాలు మినహాయింపు కిందికి వస్తాయని ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ 2023లో చెప్పింది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 17వ సెక్షన్ కేంద్రం నోటిఫై చేసే ప్రభుత్వ సంస్థలకు మినహాయింపునిచ్చింది. కాబట్టి చాలామందికి తమ ఫోన్ ట్యాప్ అయిందని తెలిసేది ఏదైనా కేసులో ఆ రికార్డును వారి మీదే సాక్ష్యంగా పెట్టినప్పుడు.

అప్పుడు కూడా ఫలితం కోర్టును బట్టి మారుతోంది. నిబంధనలు పాటించకపోయినా సాక్ష్యం చెల్లుతుందని పార్లమెంటు దాడి కేసులో సుప్రీంకోర్టు 2005లో అంది. బొంబాయి హైకోర్టు 2019లో లంచం కేసులోని మూడు ట్యాపింగ్ ఉత్తర్వులను రద్దు చేసి, రికార్డులు నాశనం చేయమంది. 2025 జూన్‌లో ఢిల్లీ హైకోర్టు పెద్ద అవినీతి ప్రజా భద్రతకు ముప్పేనంటూ ట్యాపింగ్‌ను సమర్థించింది. వారం రోజుల తేడాతో మద్రాసు హైకోర్టు, లంచం బయటపెట్టడానికి ట్యాపింగ్ వాడటం టెలిగ్రాఫ్ చట్టం 5(2) సెక్షన్‌కు విరుద్ధమంటూ ఉత్తర్వును కొట్టేసింది. ఆ రికార్డును ఏ పనికీ వాడకూడదని చెప్పింది. ఉమ్మడి హైకోర్టు తీర్పు మద్రాసు, బొంబాయిల వైపు నిలుస్తుంది. ఒకే సెక్షన్ కింద ఢిల్లీలో చెల్లిన ఉత్తర్వు చెన్నైలో చెల్లకపోవడమనే ఈ స్థితిని సుప్రీంకోర్టే తేల్చాలి.